సంక్రాంతికి పిల్లలొస్తారు, వంటింట్లో నేనొక్కదాన్నే

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కావలి. నాకు 63, మావారికి 68. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అబ్బాయి బెంగళూరు, అమ్మాయి హైదరాబాదు. సంక్రాంతికి అందరూ ఇంటికి రావాల్సిందేనని ఆయన పట్టు. వాళ్లొస్తే నాకూ సంతోషమే. కానీ పది రోజుల ముందు నుంచి ఇల్లు దులపడం, అరిసెలు, మురుకులు, ఆపైన పండగ నాలుగు రోజులూ తొమ్మిది మందికి మూడు పూటలా వంట. పోయిన కనుమకి పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి కూర్చుండిపోయాను, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజే అబ్బాయి బయల్దేరతానంటే "కనుమ నాడు కాకి కూడా కదలదు" అని ఆయన, "లీవు లేదు నాన్నా" అని వాడు, పెద్ద గొడవ. ఈసారి అందరం రిసార్టుకు పోదామని కోడలంటోంది. ఆయనకి ఎలా చెప్పాలో తెలియక ఒకటే టెన్షన్.

జవాబు: అక్కా, ముందు ఆ కళ్లు తిరిగిన సంగతి. ఎవరికీ చెప్పలేదని చదివి నాకు భయమేసింది. రేపే డాక్టరు దగ్గరికి వెళ్లి బీపీ, షుగరు, రక్తం ఎంతుందో చూపించుకోండి. ఇవాళ రాత్రే మాస్టారికి చెప్పండి. ఆయనకి పట్టుదల ఉండొచ్చు, కానీ మీరు పొయ్యి దగ్గర కూలబడ్డారని తెలిశాక కూడా అన్నీ మీరే చెయ్యాలనే మనిషై ఉండరు. పిల్లలు గేటు తీసుకుని లోపలికొస్తుంటే చూడటం, అందరికీ వరసగా విస్తళ్లు పడటం, ఆయనకి పండగంటే అదే కనిపిస్తోంది. వంటింట్లో ఏం జరుగుతోందో మీరు చెబితేనే తెలుస్తుంది. మా అమ్మ పండగ నాడు మాతో కలిసి కూర్చుని తిన్నట్టు ఒక్కసారి కూడా నాకు గుర్తు లేదు. ఆమె పోయాక గానీ ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. మీ పిల్లలకి అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అరిసెలు అసలు ఒక్కరి పని కాదు. ఒకరు పాకం చూడాలి, అది ఉండపాకానికి రాగానే ఒకరు తడి పిండి పోస్తుంటే ఒకరు కలపాలి, ఇంకొకరు వత్తాలి, నూనెలోంచి తీసి చెక్కలతో నొక్కే మనిషి వేరే. మన అమ్మల కాలంలో వీధిలో ఆడవాళ్లంతా కూడి ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని చేసుకునేవాళ్లు. ఆ పనంతా ఇప్పుడు మీ ఒక్కరి నడుం మీద పడింది. కిలోల లెక్కన చేసిచ్చే వాళ్లకి చెప్పేయండి, అందులో తప్పేమీ లేదు. లేకపోతే బియ్యం నానబోసి ఉంచి, పిల్లలొచ్చాకే మొదలుపెట్టండి. పాకం మీరు కుర్చీలో కూర్చుని చూడండి, పిండి కలిపే బలం మీ అల్లుడికుంది, ముద్దలు చెయ్యడానికి మనవలున్నారు. నాకు ఈ రెండోదే ఇష్టం. రెండు అరిసెలు విరిగితే విరగనివ్వండి.

వంట కూడా పంచేయండి. పొద్దున దోసెలు హోటల్ నుంచి వస్తాయి. సంక్రాంతి భోజనం మీ చేత్తో, అదీ కూతురూ కోడలూ పక్కనుంటేనే. కనుమకి గారెలు, చేపల పులుసు అబ్బాయి, అల్లుడు చూసుకుంటారు. మన నెల్లూరు పులుసు సంగతి మీకు తెలిసిందే, పొద్దున వండితే రాత్రికి ముక్కకి పులుపు పట్టి ఇంకా బాగుంటుంది, ఒకసారి పొయ్యి వెలిగిస్తే రెండు పూటలు గడిచిపోతాయి.

కనుమ గొడవ మాత్రం జనవరిలో తేలేది కాదు, నవంబరులోనే తేల్చుకోవాలి. రైలు రిజర్వేషను ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవాళ్లు, 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకి తగ్గించారు. అంటే జనవరి 11న బయల్దేరాలంటే నవంబరు 12న, 17న తిరిగి వెళ్లాలంటే నవంబరు 18న, ఉదయం 8 గంటలకల్లా టికెట్ల కోసం కూర్చోవాలి. అంతకు వారం ముందే మాస్టారు పిల్లలిద్దరితో మాట్లాడి, ఎవరికి ఎన్ని రోజులు లీవుందో అడిగి రాసుకుంటే మంచిది. కనుమ పశువుల పండగ, ఆ రోజు ఎడ్లకి విశ్రాంతి, బండి కట్టరు, అందుకే ప్రయాణం వద్దంటారని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆయన నమ్మకాన్ని గౌరవించి అబ్బాయి రెండు రోజులు ముందే వచ్చి సంక్రాంతి రాత్రి బండికి వెళ్లొచ్చు. అదీ కుదరకపోతే ఆయనే తగ్గాలి. కొడుకు ఉద్యోగం పోగొట్టుకునైనా ఉండాలని ఏ తండ్రీ కోరుకోడు.

రిసార్టు మాట కోడలు ఎందుకందో తననే అడగండి. అత్తగారు ఊపిరాడకుండా పనిచేస్తుంటే చూస్తూ కూర్చోలేక అని ఉండొచ్చు. పండగ ఇంట్లో చేసుకుని, వేసవి సెలవుల్లో అందరూ కలిసి బయటికి వెళ్లండి.

ప్రశ్న: మాది ఒంగోలు, నాకు 70. ఈ సంక్రాంతికి పిల్లలు రాలేరట, మమ్మల్నే హైదరాబాదు రమ్మంటున్నారు. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో పై బెర్తు ఎక్కలేదు. పండగపూట ఇంటికి తాళం వెయ్యడం కూడా మనసొప్పడం లేదు.

జవాబు: వెళ్లి రండి బాబాయ్ గారూ. పక్కింటివాళ్లకి చెబితే పండగ నాడు మీ వాకిట్లో కూడా నీళ్లు చల్లి ముగ్గేస్తారు. వాళ్లు ఊరెళ్లినప్పుడు పిన్నిగారు వేస్తారు. టికెట్టు మాత్రం పిల్లలు వేరేవాళ్లతో కలిపి తియ్యకుండా మీ ఇద్దరికీ విడిగా తియ్యమనండి. మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 దాటితే కింది బెర్తుల కోటా ఉంది, టికెట్టు మీద ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడే అది పనికొస్తుంది. వృద్ధులకిచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేశారు గనక పూర్తి చార్జీ పడుతుంది. కూర్చుని వెళ్లగలిగితే తిరుపతి నుంచి సికింద్రాబాదు వెళ్లే వందే భారత్ ఒంగోల్లో ఆగుతుంది. అన్నీ కుర్చీలే, బెర్తు ఎక్కే బాధే లేదు. మోకాళ్లు పట్టేయకుండా పిన్నిగారిని మధ్యమధ్యలో లేపి నాలుగడుగులు నడిపించండి.

ప్రశ్న: నెల్లూరు మాది. మనవలు వచ్చిన నాలుగు రోజులూ ఫోన్లోనే ఉంటారు. మాతో మాట్లాడేది "తాతా, చార్జర్ ఎక్కడ" అని మాత్రమే.

జవాబు: చదివి మనసు కష్టంగా అనిపించింది. ఫోను లాక్కుంటే ఇంకా దూరమవుతారు, అలా చెయ్యకండి. ఒక రోజు తెల్లవారుజామునే కారులో సూళ్లూరుపేట వైపు తీసుకెళ్లండి. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో ఆ నీళ్లలో ఫ్లెమింగోలు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటాయి. దారిలోనే నేలపట్టు పక్షుల కేంద్రం, అక్కడ గూడబాతులు (పెలికాన్లు) చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల నోళ్లకి చేపలందిస్తుంటాయి. ఫోన్లు తెచ్చుకోమనండి, ఫొటోలు తియ్యమనండి. మీ చిన్నప్పుడు ఊరి చెరువుకి ఏ పక్షులొచ్చేవో కారులో చెప్పండి, ఫొటోలు మీకూ పంపమని అడగండి.