‘ఐ హియర్ యూ’ అంటే ఒప్పుకున్నట్టు కాదు

సందేహం: మా అబ్బాయి అనంతపురం జేఎన్‌టీయూలో బీటెక్ ముగించి ఎమ్మెస్‌కు అమెరికా పోతున్నాడు. ఇంగ్లీషు జాతీయాల పుస్తకం ఒకటి కొని రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నాడు. నలుగురితో మాట్లాడటానికి అది చాలదా?

జవాబు: పట్టనివ్వండి, నష్టం లేదు. కానీ ఆ పుస్తకాల్లోని పిల్లులు, గుర్రాలు, చిక్కుడు గింజలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఎవరైనా ‘స్పిల్ ద బీన్స్’ (గుట్టు బయటపెట్టడం) అంటే అక్కడ గింజలెవరూ ఒలకబోయలేదని కనిపిస్తూనే ఉంటుంది. తెలియకపోతే వాడే అడుగుతాడు. దెబ్బ కొట్టేవన్నీ మూడో తరగతి పిల్లలకూ తెలిసిన మాటలతో కట్టినవి. అర్థమైనట్టే ఉంటాయి, అందుకే ఎవరూ అడగరు.

‘కమ్ అగెయిన్?’ అంటే మళ్లీ రమ్మని కాదు, వినపడలేదు, ఇంకోసారి చెప్పమని. ‘యూ కెన్ సే దట్ అగెయిన్’ అంటే మాత్రం ఇంకోసారి చెప్పమని కాదు, నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజమని. ‘టెల్ మీ అబౌట్ ఇట్’ ఈ రెండింటికంటే మోసం. ఇంటి అద్దెలు మండిపోతున్నాయని మనం అంటే వాళ్లు ఈ మాట అంటారు. ‘నాకు తెలియందా, నేనూ పడుతున్నదే’ అని భావం. కొత్తగా వెళ్లినవాడు ఏ వీధిలో ఎంత అద్దె అని లెక్క ఎత్తుకుంటాడు. మాటను కాదు, గొంతును పట్టుకోవాలి. చివర స్వరం దిగిపోయి నిట్టూర్పులా వస్తే సానుభూతి. పని ఆపి మనవైపు చూస్తూ అంటే నిజంగానే చెప్పమని.

ఇక ‘ఐ హియర్ యూ’. నీ మాట నా చెవిన పడింది, నీ బాధ తెలిసింది అన్నంతవరకే దాని హద్దు. చాలాసార్లు వెనకాలే ‘బట్’ వస్తుంది. ఇంటర్వ్యూ చివర ‘వియ్ విల్ బి ఇన్ టచ్’ అన్నా, మీరిచ్చిన సలహాకు ‘ఐ విల్ కీప్ ఇట్ ఇన్ మైండ్’ అన్నా ఇదే తంతు. కర్నూలులో పెళ్లి సంబంధానికి ‘చూద్దాంలేప్పా’ అన్నారని ఎవరూ ముహూర్తం పెట్టించుకోరు కదా! పరాయి భాషలో అదే మర్యాద ఎదురైతే మాత్రం సరే అన్నారనుకుని పని మొదలుపెట్టేస్తారు. ఒప్పుకోలు అంటే ‘గో అహెడ్’, ‘లెట్స్ డూ ఇట్’. అది వినపడకపోతే ‘సో, షుడ్ ఐ గో అహెడ్?’ అని నేరుగా అడగాలి. ఎవరూ తప్పు పట్టరు.

ఈ తప్పు మనవైపు నుంచీ ఉంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఊఁ కొట్టడం మన అలవాటు. ఇంగ్లీషులో ఆ ఊఁ కాస్తా ‘ఎస్, ఎస్’ అవుతుంది. మనకది ‘వింటున్నా’, వాళ్లకది ‘ఒప్పుకున్నా’. శుక్రవారానికి అయిపోతుందా అనే ప్రశ్న మధ్యలో రెండు ‘ఎస్’లు పడ్డాయంటే గడువుకు మాట ఇచ్చినట్టే లెక్క. తల అటూ ఇటూ ఊపడమూ అంతే, అవునో కాదో వాళ్లకు అంతుపట్టదు. ‘రైట్’ అని ఒక్కసారి అంటే చాలు. వీడియో కాల్‌లో ఆ ఒక్కటీ వద్దు. మన ఊఁ వాళ్ల మాటకు అడ్డం పడి సగం వాక్యం ఎగిరిపోతుంది. మైకు ఆపి వినడం మేలు.

చిన్న చిన్న అక్షరాల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. ‘ఐ హ్యాడ్ ఎ వర్డ్ విత్ హిమ్’ అంటే పక్కకు పిలిచి ఒక మాట చెప్పాను. అందులో ‘ఎ’ తీసేసి ‘వర్డ్స్’ అన్నారా, మాటామాటా అనుకున్నట్టు, అంటే గొడవ. ‘టాక్ ఇట్ ఓవర్’ అంటే కూర్చుని చర్చించుకోవడం, ‘టాక్ ఓవర్ సమ్‌వన్’ అంటే ఎదుటివాడి మాట మీద మాట వేయడం. మీటింగులో ‘కెన్ యూ స్పీక్ టు ద టెస్టింగ్?’ అని అడిగితే ఎవరితోనో మాట్లాడమని కాదు, టెస్టింగ్ సంగతి మీరు చెప్పండి అని. ‘వాక్ మీ త్రూ ఇట్’ అంటే మొదటినుంచి వరుసగా వివరించమని. ‘లెట్స్ టేక్ దిస్ ఆఫ్‌లైన్’ అంటే ఇంటర్నెట్ సంగతి కాదు, అందరి ముందు వద్దు, తర్వాత విడిగా మాట్లాడదాం అని. అలా అన్నాక కూడా వాదన సాగదీస్తే బాగుండదు.

మన జాతీయాలతో పోల్చి నేర్చుకుంటే త్వరగా వస్తాయి, నిజమే. ‘బీట్ అరౌండ్ ద బుష్’ మన డొంకతిరుగుడే, డొంక కూడా పొదే. ‘హెడ్స్ అప్’ ఇవ్వడమంటే ముందుగా చెవిన వేయడం. ఈ పోలిక నాలుక దగ్గర మాత్రం బెడిసికొడుతుంది. మనం నాలుక కరుచుకునేది నోరు జారిన తర్వాత. వాళ్ల ‘బైట్ యువర్ టంగ్’ నోరు జారకముందు, వచ్చిన మాటను ఆపుకోవడం. చెవులు కొరుక్కోవడం మనకు గుసగుస. వాళ్ల ‘ఇయర్‌ఫుల్’ గట్టిగా పడ్డ చీవాట్లు.

అబ్బాయి రేపు లండన్‌కు మారితే ఇంకో పేచీ ఉంది. ‘టేబుల్’ చేద్దాం అంటే బ్రిటన్‌లో ఇప్పుడే చర్చకు పెడదామని, అమెరికాలో ప్రస్తుతానికి పక్కన పెడదామని. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. ‘క్వైట్ గుడ్’ కూడా అంతే. అమెరికన్ నోట అది మెప్పు, బ్రిటిష్ నోట చాలాసార్లు ‘ఫరవాలేదు’.

పలకరింపుల గురించి రెండు ముక్కలు. కడపలో ‘బాగుండావా నాయనా’ అంటే అమ్మానాయన, పంట, ఆరోగ్యం అన్నీ చెప్పాలి. అమెరికాలో ‘హౌ ఆర్ యూ’కు ‘గుడ్, హౌ అబౌట్ యూ?’ చాలు. ఇంగ్లండులో ‘యూ ఆల్‌రైట్?’ అంటే ముఖం వాడిపోయిందని కాదు, అది కూడా నమస్కారమే. వాతావరణం ఎత్తితే ఒక వాక్యంలో ఒప్పేసుకుంటే సరి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లావాళ్లకు వాన మాట బతుకు మాట. ఇంగ్లండు వాళ్లకది సంభాషణకు తలుపు గడియ తీయడం, అంతే.

ఫోన్ ఎత్తగానే ‘చెప్పండి’ని ‘టెల్ మీ’గా మార్చకూడదు, దురుసుగా వినిపిస్తుంది. ‘హౌ కెన్ ఐ హెల్ప్?’ అనాలి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీ మాట నమ్మకంగా లేదన్నట్టు ధ్వనిస్తుంది. మనకు ప్రశ్న కూడా సందేహమే, వాళ్లకు అది ‘క్వశ్చన్’. వాయిస్‌మెయిల్‌లో ముందు పేరు, తర్వాత ఒక్క వాక్యంలో పని, చివర ఫోన్ నంబరు రెండుసార్లు నిదానంగా చెప్పాలి. ఎప్పుడు దొరుకుతారో కూడా చెప్పకపోతే మీరు చేసినప్పుడు వాళ్లు, వాళ్లు చేసినప్పుడు మీరు ఎత్తకుండా రోజులు గడుస్తాయి. దానికీ ఒక పేరుంది, ‘ఫోన్ ట్యాగ్’.

నేర్చుకునే దారి అడిగితే, పుస్తకం పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టించండి. మాట, దాన్ని ఎవరు ఎవరితో అన్నారు, అన్నాక ఏం జరిగింది అని మూడు గళ్లు. మూడో గడే ముఖ్యం, అసలు అర్థం తేలేది అక్కడే. ముఖ్యమైన మాటలు జరిగిన రోజే ‘జస్ట్ టు కన్ఫర్మ్’ అని మొదలుపెట్టి ఏం పని, ఎవరు, ఎప్పటికి అని మూడు లైన్ల మెయిలు పంపాలి. తప్పు విన్నా ఆ రోజే బయటపడుతుంది. మొదటి ఆరు నెలలు జాతీయాలు వినడమే, వాడటం వద్దు. మరీ నోరు ఊరుకోకపోతే ‘హెడ్స్ అప్’ ఒక్కటి వాడుకోమనండి, దాంతో ఎవరికీ కోపం రాదు.