బెంగళూరుకు పోయే ముందు మన పాటల సంగతి

కడప

చిరంజీవి పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న పాటలు, ఆడియో పుస్తకాలు బెంగళూరులో వినాలంటే ఎట్లా పెద్దనాయనా, అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తావా?" అని. వేసివ్వడం పెద్ద పని కాదు. కానీ ఆ పెన్‌డ్రైవ్ ఏ హాస్టల్ మంచం కిందనో పోతే నీ చేతిలో మళ్లీ ఏమీ ఉండదు. ముప్పై ఏళ్లు ఐటీఐలో పిల్లలకు రేడియో, టీవీ మెకానిక్ పాఠాలు చెప్పినవాణ్ణి, పని నేర్పకుండా వస్తువు చేతిలో పెట్టి పంపడానికి మనసు ఒప్పుకోలేదు. అందుకే ఇంత ఉత్తరం రాస్తున్నా.

ముందు లెక్క చూడు. మన ఇంట్లో ఉన్నదంతా కలిపి 120 జీబీ దాకా ఉంది. కొన్ని కొన్న సీడీలు, మిగతావి మీ తాత టేపుల్లోంచి నేను ఎక్కించినవి. చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ నాటకం పడినా ఆయన టేప్‌రికార్డర్ భుజాన వేసుకొని పోయి స్టేజీ ముందు కూర్చునేవాడు. సురభి నాటకం పుట్టింది మన జిల్లాలోనే, సురభి అనే పల్లెలో, 1885లో. పద్యం బాగుంటే వన్స్‌మోర్ అనకుండా వదలని ఊళ్లు ఇవి. ఆ కేకలు, మధ్యలో చంటిపిల్ల ఏడుపు, హార్మోనియం శ్రుతి, అన్నీ ఆ టేపుల్లో ఉన్నాయి. నెలకింత అని డబ్బు కట్టి వినే యాప్‌లలో ఇవి ఎక్కడా దొరకవు.

టేపు ఎక్కించేటప్పుడు సీడీ నాణ్యతలో గంటకు సుమారు 635 ఎంబీ వేవ్ ఫైలు వస్తుంది. దాన్ని ఫ్లాక్ అనే రకం ఫైలుగా మారిస్తే నాణ్యత ఏమాత్రం పోకుండా ఇంచుమించు సగానికి దిగుతుంది. ఇంట్లో దాచుకోవాల్సింది ఆ ఫ్లాక్ ఫైలే. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వినడానికి మాత్రం అంత బరువు అక్కర్లేదు. 128 కేబీపీఎస్ (సెకనుకు అన్ని కిలోబిట్లు) ఎంపీ3 అయితే గంటకు 58 ఎంబీ. మనిషి గొంతు ఒక్కటే వినిపించే పుస్తకానికి 64 చాలు, గంటకు 29 ఎంబీ అవుతుంది. అంటే యాభై గంటల పాటలు, పదేసి గంటల పుస్తకాలు ఐదు, అన్నీ కలిపినా నాలుగున్నర జీబీ దాటదు.

ధాన్యం దాచే పాతరలో ఎన్ని పుట్ల జొన్నలున్నా ఊరికి పోయేవాడు సద్ది కట్టుకొనే పోయేవాడు. ఇంట్లో కంప్యూటర్ మన పాతర, ఫోన్‌లో వేసుకునేది సద్ది. ఇంటర్నెట్ ఉంది కదా, ఎక్కడైనా వినొచ్చు అని ఇప్పటి పిల్లలు సద్ది లేకుండా బయల్దేరుతున్నారు. రాయచోటి మీదుగా పోయే బస్సు గువ్వలచెరువు ఘాట్ ఎక్కిందంటే నా ఫోన్‌లో సిగ్నల్ ఒక గీతకు పడిపోతుంది. కథ మంచి పట్టు మీద ఉంటుంది, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. నాకు ఎన్నిసార్లు అయిందో లెక్క లేదు. అందుకని ప్రతి ఆదివారం రాత్రి వైఫైలో ఉన్నప్పుడే ఆ వారానికి కావలసినవి ఫోన్‌లోకి దించుకో. ఈ ఒక్క అలవాటు చేసుకున్నావంటే నీ అవసరం ముప్పాతిక తీరినట్టే.

ఇక పాతర సంగతి. నా పాత ల్యాప్‌టాప్ ఒకటి ఊరికే ఉంది. రాత్రింబగళ్లు ఆన్‌లో ఉండడానికి అదే సరిపోతుంది. కరెంటు పోతే దాని బ్యాటరీయే కాసేపు ఆదుకుంటుంది. ఇంట్లో వైఫై ఇచ్చే రౌటర్‌కు మాత్రం వేరే చిన్న యూపీఎస్ పెట్టాలి, రౌటర్ ఆగితే ల్యాప్‌టాప్ నడుస్తున్నా నీకు ఏమీ అందదు. మూత మూస్తే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాలి. మన ఎండలకు దాన్ని బీరువాలో పెట్టి తలుపు వేస్తే మాడిపోతుంది, గాలి తగిలే గూట్లో ఉండాలి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఆ క్షణమే తీయించమని మీ నాయనకు చెప్పి పో.

ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నవాటిని నీ ఫోన్‌కు అందించే ప్రోగ్రాములు రెండు వేస్తాను, రెండూ ఉచితమే. పాటలకు నావిడ్రోమ్, పుస్తకాలకు ఆడియోబుక్‌షెల్ఫ్. ఒక్కటి చాలదా అంటావేమో. చాలదు పాపా. పాటల యాప్‌లో పుస్తకం పెడితే మూడో అధ్యాయం తర్వాత తొమ్మిదోది వినిపిస్తుంది, నిన్న ఎక్కడ ఆపావో దానికి గుర్తుండదు. ఆడియోబుక్‌షెల్ఫ్ అయితే ఫోన్‌లో ఆపిన చోటి నుంచే ల్యాప్‌టాప్‌లో మొదలుపెడుతుంది. నావిడ్రోమ్ ఫోల్డర్ పేరు చూడదు, ఫైలు లోపల రాసిన ట్యాగులే చూస్తుంది. కాబట్టి పాడినవారి పేరు, ఆల్బమ్ పేరు ఎక్కించకుండా 'ట్రాక్01' అని వదిలేసినవన్నీ ఒకే కుప్పలో పడతాయి. అధ్యాయాలకు 1, 2, 3 అని కాకుండా 01, 02, 03 అని పెట్టు, లేకపోతే కొన్ని యాప్‌లు 1 తర్వాత 10 వినిపిస్తాయి. ఈ ట్యాగుల పని విసుగ్గా ఉంటుంది. నేను ఉగాది నుంచి దసరా దాకా రోజుకు గంట చొప్పున కూర్చొని చేశాను. నువ్వు కొత్తగా వేసుకునేవాటికి మాత్రం ఏ రోజుకు ఆ రోజే రాసుకో.

బెంగళూరు నుంచి ఈ పాతర తలుపు తీయడం ఎట్లా అన్నదే అసలు చిక్కు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా మన ల్యాప్‌టాప్‌కు వచ్చే దారి (పోర్టు) తెరవడం, చెయ్యమని నీకు ఎవరైనా చెబుతారు. చెయ్యొద్దు. అది వీధి తలుపు బార్లా తెరిచి పెట్టడమే. తెరిచిన పోర్టుల కోసం రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రాములు ఇంటర్నెట్ నిండా తిరుగుతుంటాయి. పైగా మన ఇళ్లకు వచ్చే చాలా కనెక్షన్లలో అది పనే చెయ్యదు, ఎందుకంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే ఇంటర్నెట్ అడ్రసును ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తుంది. రౌటర్ పేజీలో బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 లోపల మొదలైతే మనదీ అదే బాపతు అని అర్థం. నేను చూశాను, మనదీ అంతే. తెలియక రెండు రాత్రులు ఆ రౌటర్‌తో కుస్తీ పట్టాను.

దీనికి మందు టెయిల్‌స్కేల్. వైర్‌గార్డ్ అనే పద్ధతి మీద నడిచే సొరంగం అనుకో. ఇంటి ల్యాప్‌టాప్‌లో, నీ ఫోన్‌లో రెండింటిలోనూ వేసి ఒకే ఖాతాతో లాగిన్ కావాలి. ఇంటివాడకానికి ఉచితమే. ల్యాప్‌టాప్‌కు 100తో మొదలయ్యే అడ్రసు ఒకటి ఇస్తుంది. పాటల యాప్‌లో ఆ అడ్రసు, చివర 4533 అనే పోర్టు నంబరు రాస్తే నువ్వు ఎక్కడున్నా మన హాల్లో కూర్చున్నట్టే. మధ్యలో ఎవరికీ ఏమీ కనపడదు.

ఇందులో మూడుచోట్ల తడబడతావు. ఒకటి, మామూలుగా 180 రోజులకొకసారి ప్రతి మెషీన్‌నూ మళ్లీ లాగిన్ కమ్మంటుంది. ఇంటి ల్యాప్‌టాప్ దగ్గర నువ్వుండవు, మీ నాయనకు అది చేతకాదు. కాబట్టి దాని వరకు ఆ గడువును సెట్టింగ్స్‌లో తీసేయాలి. రెండు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక సమయంలో ఒకే వీపీఎన్ (ఇట్లాంటి సొరంగం) నడుస్తుంది. ఆఫీసు వీపీఎన్ వేస్తే మనది ఆగిపోతుంది, పాట రాలేదని టెన్షన్ పడొద్దు. మూడోది, ఫోన్ బ్యాటరీ ఆదా చేస్తానని ఈ యాప్‌ను వెనకాల ఆపేస్తుంది, దానికి మినహాయింపు ఇవ్వాలి.

ఇంట్లో వైఫైలో పాట వినిపించింది కదా అని పని అయిపోయిందనుకోవద్దు. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, వీధి చివరి దాకా నడిచి చూడు. అక్కడ వినిపిస్తే బెంగళూరులోనూ వినిపిస్తుంది.

డబ్బిచ్చి కొన్న ఆడియో పుస్తకాలు చాలావరకు ఆ కంపెనీ యాప్‌లోనే వినాలి, వాటిని ఇందులోకి తేలేం. వాటిని ఆ యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకొని పెట్టుకో.

ఇప్పుడు నా గుండెల్లో ఉన్న మాట చెబుతాను. 2016లో మీ జేజి, అదే మీ నాయనమ్మ, టేపు ఎక్కించాను. రోట్లో దంచుతూ పాడిన పాటలు, సాయంత్రం అరుగు మీద చెప్పిన కథలు, రెండు వైపులా కలిపి గంట. ఆ ఏడాదే హార్డ్‌డిస్క్ మొరాయిస్తే ఒక షాపులో రిపేరుకిచ్చాను. ఫార్మాట్ చేసి, కొత్తదానిలా ఉందని చేతిలో పెట్టారు. నా దగ్గర ఇంకో కాపీ లేదు. ఇంటికొచ్చి టేపు మళ్లీ తీస్తే బూజు పట్టి ఉంది. మొదటి వైపు ఎట్లాగో వచ్చింది. రెండో వైపు పన్నెండో నిమిషంలో టేపు తెగింది. అతికించబోతే రాలిపోయింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

అందుకే ఇప్పుడు మూడు కాపీలు పెట్టాను. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, మూడోది ప్రొద్దుటూరులో మీ అత్త ఇంట్లో. ల్యాప్‌టాప్‌లో తుడిచేస్తే తనంతట తానే తుడుచుకుపోయే కాపీని నేను కాపీ కింద లెక్కవేయను. నువ్వూ నెలకొకసారి బయటి డిస్క్ తగిలించమని మీ నాయనకు గుర్తుచేస్తుండు, అప్పుడప్పుడు దాన్లోంచి ఒక పాట తెరిచి వినిపించమను.

పోయే ముందు నాకొక పని చేసిపెట్టు. జేజి టేపు తెగిన చోట ఏడుగురు అన్నదమ్ముల కథ సగంలో ఉంది, చిన్నవాడు బావిలోకి దిగుతాడు. ఆ తర్వాత ఏమైందో నాకు సరిగ్గా గుర్తులేదు. మీ నాయన చిన్నప్పుడు ఆమె పక్కలో పడుకొని రోజూ అదే చెప్పించుకునేవాడు, వాడికి మాట మాట గుర్తుంటుంది. ఫ్యాను ఆపి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టి, ఆ మిగతా సగం వాడి చేత చెప్పించు. 'జేజి కథ 02 బి' అని పేరు పెట్టి, అదే ఫోల్డర్‌లో, ఆమె గొంతు ఆగిన ఫైలు పక్కనే వెయ్యి.

మీ
పెద్దనాయన