డాక్టర్ సలహా: గిన్నెలు చూస్తేనే కాళ్లు కదలడం లేదు.. ఇది జబ్బా, బద్ధకమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 42 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. అక్కడ పని ఎంతున్నా చకచకా చేసేస్తాను. ఇంటికొచ్చి సింకులో గిన్నెలు, కుర్చీ మీద మడతపెట్టని బట్టల కుప్ప చూడగానే ఎక్కడలేని విసుగు వస్తుంది. ‘లేవాలి, లేవాలి’ అని నన్ను నేనే తిట్టుకుంటూ ఫోన్ పట్టుకుని సోఫాలో ఉండిపోతాను. ఇరవై నిమిషాల పనికి ముందు రెండు గంటలు మనసులో యుద్ధం. గ్యాస్ వాళ్లకు ఒక్క ఫోన్ చేయడానికే వారం పట్టింది. మావారు గానీ, ఎదిగిన ఇద్దరు పిల్లలు గానీ ఒక్క గిన్నె ముట్టరు. ఏడాదిగా ఇదే తంతు. ఇది జబ్బా, బద్ధకమా? మందులు వాడాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, దీన్ని బద్ధకం అనుకోవద్దు. బద్ధకించే మనిషి పని వదిలేసి హాయిగా పడుకుంటుంది, రెండు గంటలు తనను తాను తిట్టుకోదు. మీ ఒంట్లో సత్తువంతా ఆ తిట్లకే ఖర్చవుతోంది.

ముందు ఒంటి సంగతి చూద్దాం. మన దగ్గర ఆడవాళ్లలో రక్తహీనత చాలా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా మందికి రక్తం తక్కువని తేలింది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే సాయంత్రానికి ఒళ్లు బరువెక్కడం మామూలే. థైరాయిడ్ మందగించినా, విటమిన్ బి12 తగ్గినా, షుగర్ మొదలవుతున్నా ఇలాగే ఉంటుంది. మీ వయసులో నెలసరి గాడి తప్పి రక్తస్రావం ఎక్కువగా అవుతుండొచ్చు, నిద్ర చెడుతుండొచ్చు. కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బి12, షుగర్ పరీక్షలు ఈ వారంలోనే చేయించండి. వీటిలో లోపం ఉంటే మనసుకు ఎంత నచ్చజెప్పుకున్నా ఒళ్లు సహకరించదు.

ఇక మనసు సంగతి. గిన్నెలు చూడగానే ఒక చిరాకు పుడుతుంది. ‘కాసేపయ్యాక చూద్దాం’ అనుకుని ఫోన్ అందుకోగానే అది తగ్గుతుంది. ఆ చిన్న ఉపశమనమే చిక్కు తెచ్చిపెడుతుంది. తప్పించుకుంటే హాయిగా ఉందని మెదడు నేర్చుకుంటుంది, మర్నాడు అదే సమయానికి అదే దారి చూపిస్తుంది. దానికి మీ తిట్లు తోడవుతాయి. కొన్నాళ్లకు సింకును చూస్తే పనికంటే ముందు ఆ తిట్లే గుర్తొస్తాయి. గ్యాస్ ఫోన్ విషయంలోనూ జరిగింది ఇదే.

మనలో చాలామంది మూడ్ వస్తే చేద్దామని కాచుకుని కూర్చుంటాం. డిప్రెషన్‌తో వచ్చేవారికి మేం ఇచ్చే చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒకటుంది. మూడ్ కోసం ఆగకుండా, తలపెట్టిన చిన్న పనిని అనుకున్న వేళకు మొదలుపెట్టించడం అందులో ముఖ్యం. చన్నీళ్ల స్నానంలో మొదటి చెంబు పోసుకునేదాకానే కదా వణుకు! ఈ చికిత్స రాకముందే, 20వ శతాబ్దం తొలినాళ్లలో, జపాన్ మానసిక వైద్యుడు షోమా మొరిటా తన రోగులకు మొదట కొన్నాళ్లు పూర్తి విశ్రాంతి ఇచ్చి, తర్వాత వాకిలి ఊడవడం లాంటి తేలిక పనులతో మొదలుపెట్టించేవారు. భయమో చిరాకో ఉంటే ఉండనీ, దాన్ని తరమబోవద్దు, చేయాల్సింది చేస్తూ ఉండమనేవారు. ఆ మాట నాకు నచ్చుతుంది. విసుగు పోవాలనే పట్టుదల కూడా మరో యుద్ధమే.

మీరు చేయాల్సింది ఇది. ఇంటికి రాగానే పది నిమిషాలు టీ తాగుతూ కూర్చోండి, ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టేయండి. కప్పు సింకులో పెట్టడానికి ఎలాగూ లేస్తారు, మళ్లీ కూర్చోకండి. ఆ క్షణంలో విసుగు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించండి. కొందరికి గుండెల మీద బరువు, కొందరికి మెడ బిగుసుకోవడం. రెండు మూడు సార్లు ఊపిరి నెమ్మదిగా వదలండి. అది తగ్గినా తగ్గకపోయినా కుళాయి తిప్పి గ్లాసులు మాత్రం కడగండి. చాలనిపిస్తే ఆపేయండి, తప్పేం లేదు. చాలాసార్లు చేయి ఆగదు, మిగతావీ కడిగేస్తారు. ఫోన్ చేయాల్సి వస్తే నంబరు, చెప్పాల్సిన మొదటి మాట కాగితం మీద రాసుకుని మధ్యాహ్నం ఆఫీసులోనే, పని ఊపులో ఉన్నప్పుడే చేసేయండి.

అయితే మీ ఉత్తరంలో మరో మాటుంది. ఇంట్లో ఇంకెవరూ గిన్నె ముట్టరన్నారు. 2019 కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం ఇంటిపని చేసే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించేవారు. అంటే ఆఫీసులో డ్యూటీ దిగి ఇంట్లో ఇంకో డ్యూటీ ఎక్కుతున్నారు మీరు. ఆఫీసులో చకచకా సాగిన చేతులు ఇంట్లోనే మొరాయిస్తున్నాయంటే, నా అనుమానం, అందులో కొంత కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనది. దాన్ని ఊపిరి వ్యాయామంతో పోగొట్టుకోమని నేను చెప్పను. మీవారితో ఆదివారం తీరిగ్గా కూర్చుని, ‘రాత్రి గిన్నెలు మీవి, బట్టల మడతలు పిల్లలవి’ అని తేల్చి చెప్పండి. సాయం చేయమని అడగకండి, అది వాళ్ల ఇల్లు కూడా. వాళ్లు సరిగా కడగలేదని మళ్లీ మీరే అందుకోవద్దు.

మందుల విషయానికొస్తే, ఆఫీసు పని సాఫీగా సాగుతోంది కాబట్టి ఇప్పుడే అక్కర్లేదనిపిస్తోంది. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, నిద్ర, ఆకలి చెడటం, ఆఫీసు పనీ కుంటుపడటం కనిపిస్తే మాత్రం సైకియాట్రిస్టును కలవండి. చిన్నప్పటి నుంచీ పనులు వాయిదా వేయడం, మరచిపోవడం అలవాటుగా ఉంటే అదీ చెప్పండి, పెద్దవాళ్లలోనూ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) ఉంటుంది. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ ఉచిత సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.