మంత్రులు ఒప్పుకున్న జీతం పెంపు, రాని జీఓ

ప్రశ్న: నేను విశాఖ నగర కార్పొరేషన్ (జీవీఎంసీ)లో అవుట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికుణ్ణి. సమ్మె విరమణ చర్చల్లో జీతం పెంచుతామని మంత్రులు ఒప్పుకున్నారు, మినిట్స్ రాశారు. తర్వాత ప్రభుత్వం మారింది, జీఓ రాలేదు. మినిట్స్‌తో కోర్టుకెళ్తే పెంపు వస్తుందా? మళ్లీ సమ్మె చేస్తే జీతం కోస్తారా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మినిట్స్ ఒక్కటే చూపితే రావడం కష్టం. ఎవరేమన్నారో రాసుకున్న కాగితం అది. ఆర్థిక శాఖ సమ్మతితో జీఓ వస్తేనే ప్రభుత్వ నిర్ణయం అవుతుంది.

ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే కార్మిక శాఖ అధికారి (కన్సిలియేషన్ అధికారి) సమక్షంలో కుదిరిన ఒప్పందమైతే లెక్క వేరు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ పేరుతో సంఘాల నాయకులు 12(3) ఒప్పందం అనేది దీన్నే. సంఘంలో లేనివారికీ, తర్వాత చేరినవారికీ అది వర్తిస్తుంది. పార్టీ మారినా యజమాని బాధ్యత తప్పదు.

అందుకే మీ కాగితం ఆఖరి పేజీ చూడండి. సంతకాలు ఎవరివి? కార్మిక శాఖ అధికారి సంతకం, ముద్ర ఉన్నాయా? ఎంత పెంపు, ఏ తేదీ నుంచి అన్నది రాశారా? ‘సానుకూలంగా పరిశీలిస్తాం’ అని మాత్రమే ఉంటే వసూలు చేసుకోవడానికి అందులో ఏమీ లేదు. ఇంకో చిక్కుంది. జీతం వేసే సంస్థ సంతకం లేకపోతే ‘మేం యజమానులం కాం’ అని కార్పొరేషన్ వాదిస్తుంది, జీతమిచ్చేవారు ‘మేం ఒప్పుకోలేదు’ అంటారు. ఎక్కువ కేసులు ఇక్కడే దెబ్బతింటాయి. ఇవన్నీ సమ్మె శిబిరం ఎత్తేసే ముందే నాయకులు పట్టుబట్టి రాయించుకోవాలి.

కాపీ లేకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మినిట్స్‌తోపాటు, ఆర్థిక శాఖకు వెళ్లిన ఫైలు నోట్ నకలు కూడా కోరండి.

ఒప్పందమే అయితే, బకాయి పడిన ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు చేయాలి. ఆలస్యానికి సరైన కారణం చూపితే తర్వాతైనా తీసుకోవచ్చు. ఉత్త మినిట్సే అయితే, సంఘం డిమాండ్ల పత్రం ఇచ్చి కార్మిక శాఖ వద్ద పారిశ్రామిక వివాదం లేవనెత్తాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఒక మేలు ఉంది. మునుపు ఇలాంటి వేతన వివాదాన్ని ప్రభుత్వమే ట్రిబ్యునల్‌కు (ఇలాంటి వివాదాలు తేల్చే న్యాయస్థానానికి) పంపాలి, అదే పాలకుల చేతిలో తాళంచెవి. ఇప్పుడు రాజీ కుదరలేదన్న నివేదిక అందిన 90 రోజుల్లో మీ సంఘమే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఈ గడువు దాటనివ్వకండి.

ఇక సమ్మె. నోటీసు ఇచ్చిన 14 రోజుల్లోపు దిగకూడదు, ఆ నోటీసు 60 రోజులే చెల్లుతుంది. కన్సిలియేషన్ నడుస్తున్నంత కాలం, ముగిశాక మరో 7 రోజులు సమ్మె చట్టవిరుద్ధం. సగం మంది లేదా అంతకుమించి ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే లెక్క. నోటీసు లేకుండా పదిమంది కలిసి మానేస్తే 8 రోజుల జీతం వరకు కోయొచ్చు. చట్టబద్ధంగా చేసినా, పని చేయని రోజులకు జీతం వస్తుందన్న భరోసా లేదు. ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ఉత్తర్వు వస్తే అందులో పారిశుద్ధ్యం పేరుందో లేదో, ఎప్పటివరకు అమలో చదివాకే అడుగేయండి. సమ్మె నోటీసు నకలుపై అందినట్లు తేదీతో ముద్ర వేయించుకోండి. 14 రోజుల లెక్కకు అదే రుజువు.