నాయిన చావును కోరుతున్నప్పుడు

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. నాయినకు గొంతు క్యాన్సర్ ముదిరింది, ఇక నయం కాదన్నారు. వైద్యానికి రెండెకరాలు అమ్ముదామని మేము అనుకున్న మరునాటి నుంచి ఆయన "సూది ఏసి నన్ను సాగనంపుండ్రి" అంటున్నాడు. కెనడాలో చట్టమే ఒప్పుకుంటుంది, తీసుకురమ్మని అక్కడున్న అన్న అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: కెనడాలో 2016 నుంచి వైద్యుల సాయంతో మరణించే వీలున్న మాట నిజమే గాని, అది ఆ దేశపు ప్రభుత్వ వైద్యసేవలకు అర్హులైన వారికే పరిమితం కనుక, చూడటానికి వచ్చిన తండ్రికి వర్తించదు. మన దేశంలో ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం, రోగి ఎంత వేడుకున్నా, నేరమే.

కెనడాలో కూడా అడిగిన వెంటనే ఇవ్వరు. ఇద్దరు నిపుణులు ఎవరికి వారుగా రోగిని పరీక్షించి, ఆ కోరిక ఎవరి ఒత్తిడీ లేకుండా పుట్టిందని తేల్చుకోవాలి. 2021లో చావు దగ్గరలో లేనివారికి సైతం ఆ వీలు కల్పించినప్పుడు, తగిన ఆసరా దొరకని వికలాంగులు బతుకు భారమై దానివైపు మొగ్గుతారేమోనని వారి సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఆ భయం మీ ఇంట్లోనే కనిపిస్తున్నది. పొలం అమ్మకం మాట చెవినపడిన మరునాడే మొదలైన కోరికను పూర్తిగా ఆయన సొంత కోరిక అని నేను ఒప్పుకోలేను. ఆయన అబద్ధమాడుతున్నాడని కాదు, పిల్లల భూమిని కాపాడే దారి తన చేతిలో ఇదొక్కటే ఉందనుకుంటున్నాడేమో అడిగి చూడండి. ఎదురుగా కూర్చుని, "నొప్పి తట్టుకోలేకనా, మాకు ఖర్చవుతుందనా?" అని సూటిగానే అడగండి.

నొప్పే కారణమైతే దానికి మందుంది. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ అందడం సులువు కావడానికి 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించారు. మోతాదు తెలిసిన వైద్యుడి చేతిలో అది ప్రాణం తీసే మందు కాదు, కాబట్టి ఊళ్లో ఎవరైనా భయపెడితే వినకండి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నయం కాని రోగికి నొప్పి, బాధ తగ్గించే వైద్యం) గురించి, ఇంటికి వచ్చి చూసే బృందం గురించి విచారించండి. నయం చేయలేని వైద్యం కోసం పొలం అమ్మడం అవసరమా అన్నది కూడా అక్కడి వైద్యుడినే అడగవచ్చు.

ఇక ఆయన నిజంగా వద్దనుకునేది వెంటిలేటర్, ఐసీయూ వంటివైతే, ఆ హక్కు మన చట్టంలోనే ఉంది. సుప్రీంకోర్టు 2018లో లివింగ్ విల్‌ను, అంటే చివరి దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని, గుర్తించి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. మతి స్థిమితంగా ఉన్నప్పుడే, ఇద్దరు సాక్షుల ముందు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో, తన తరఫున మాట్లాడవలసిన వారి పేర్లతో సహా ఆయన రాసి పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా చికిత్స ఆపాలా వద్దా అన్నది ఆసుపత్రిలో రెండు వైద్య మండళ్లు పరిశీలించాకే జరుగుతుంది. భారం మొత్తం మీ ఒక్కరి మీద పడదు. ఆయన మాట పూర్తిగా పోకముందే ఈ కాగితం పని చేయండి. సంతకం చేసే రోజు మీ అన్నగారిని వీడియో కాల్‌లోనైనా ఉండమనండి, తరువాత ఆసుపత్రిలో అన్నగారు వేరే మాట మాట్లాడకుండా ఉంటుంది.