మెట్ల కింద పిల్లి: కడుపా, జబ్బా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది రాజమండ్రి, అపార్ట్‌మెంట్‌లో గ్రౌండ్ ఫ్లోర్. నెల రోజులుగా ఒక బూడిద చారల పిల్లి మా మెట్ల కింద చెప్పుల స్టాండ్ పక్కన పడుకుంటోంది, మొదట్లో మామూలుగానే ఉండేది, ఇప్పుడు పొట్ట బాగా వచ్చింది. మా అత్తయ్యగారు కడుపుతో ఉందంటున్నారు, వాచ్‌మన్ ఏమో మందు తిన్న ఎలకని తిని పొట్ట ఉబ్బిందంటున్నాడు. పాలు పోస్తే గటగటా తాగింది గానీ మర్నాటికి విరోచనాలు. నిన్నట్నుంచీ కాస్త నీరసంగా ఉంది. పిల్లలకి వేసే పారాసిటమాల్ సిరప్ రెండు చుక్కలు వెయ్యొచ్చా? ముట్టుకోబోతే బుస్సుమంటోంది.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ముందు ఆ సిరప్ సీసా అల్మారాలో పెట్టేయండమ్మా. పారాసిటమాల్‌ని అరిగించుకునే శక్తి పిల్లి లివర్‌కి దాదాపు లేదు, అది లోపలికి పోతే రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు, చిగుళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి, మొహం వాస్తుంది, ఒక్క బిళ్ళ చాలు ప్రాణం పోవడానికి. మన ఒళ్ళునొప్పుల బిళ్ళలన్నీ అంతే అనుకోండి. కుక్కలకి వేసే గోమార్ల మందు కూడా వద్దు, కొన్నిట్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం.

ఇక పొట్ట సంగతి. ఎలకల మందైతే నెల రోజులు ఆగదు, రోజుల్లోనే తేలిపోతుంది, కాబట్టి వాచ్‌మన్ మాట పక్కన పెట్టండి. అది తినేటప్పుడు మీరు రెండు మెట్లు పైకెక్కి నడుం మీద నుంచి చూడండి. పక్కటెముకల వెనకాల రెండు వైపులా బుర్రలా ఉబ్బి, వెన్నుపూస మీద కండ ఉండి, ఆవురావురుమని తింటుంటే మీ అత్తయ్యగారి మాటే నిజమవ్వచ్చు. పడుకున్నప్పుడు చనుమొనలు గులాబీ రంగులో ఉబ్బి కనిపిస్తే ఇంకా గట్టి గుర్తు, అది మూడో వారం దగ్గర్నుంచే తెలుస్తుంది. అలాకాకుండా వెన్నెముక, తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, పొట్ట మాత్రం నీళ్ళు పోసిన సంచిలా వేలాడుతుంటే జబ్బే, పురుగులో, కడుపులో నీరు చేరడమో. నేనే చదువుకునే రోజుల్లో ఒక నారింజ రంగు పిల్లికి పాత చీర పరిచి పురుడు పొయ్యడానికి అంతా రెడీ చేశాను, తీరా తోక కింద చూస్తే అది మగపిల్లి, పొట్ట నిండా పురుగులు! హాస్టల్ వాళ్ళు ఏడాది నవ్వారు.

పాలు ఆపేయండి, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు, ఆ విరోచనాలు వాటివల్లే కావచ్చు. మూకుడులో మంచినీళ్ళు, ఉప్పూ మసాలా ఉల్లీ వెల్లుల్లీ ఏమీ లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు, ఉడికిన గుడ్డు. కొనగలిగితే పిల్లిపిల్లల ప్యాకెట్ ఫుడ్ ఇంకా నయం, కడుపుతో ఉన్నదానికి బలం అందులోనే ఎక్కువ. కొంచెం కొంచెం, రోజుకి మూడు నాలుగు సార్లు.

పిల్లి మోసేది 63 నుంచి 65 రోజులు. పొట్ట బయటికి కనపడేది అయిదో వారం దాటాక, అంటే ఇంక నెల కూడా లేనట్టే. ఒక అట్టపెట్టెకి పక్కన ద్వారం కోసి పాత నూలు చీర పరిచి అదే మూలలో పెట్టండి, రోజూ తొంగి చూడకండి. ఈనాక జనం మూగితే పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్ళూ తిప్పుతుంది, అది ఉత్త సామెత కాదు, భయపడితే నిజంగానే చేస్తుంది. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే మాత్రం ఆగకూడదు, డాక్టర్ దగ్గరికే, మీరు లాగొద్దు.

అంతవరకూ ఆగకుండా వెంటనే వెళ్ళాల్సినవీ ఉన్నాయి: ఒక రోజంతా ఏమీ తినకపోవడం, నోరు తెరిచి రొప్పడం, చిగుళ్ళు పచ్చబడటం, వెనక నుంచి చీమూ వాసనా. మీరు చెప్పిన నీరసం రేపటికీ తగ్గకపోతే ఇందులోదే అనుకుని బయల్దేరండి. దగ్గర్లో ప్రభుత్వ పశువుల ఆస్పత్రి ఉంటుంది. చేత్తో పట్టుకోవద్దు, రెండు కూరగాయల ట్రేలు ఒక పక్క తెరిచి ఉండేలా తాళ్ళతో కట్టి లోపల చేప ముక్క వేస్తే అదే దూరుతుంది. కరిచినా గీరినా పసుపూ సున్నం రాయకుండా సబ్బుతో కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు యాంటీ రేబిస్ టీకాకి వెళ్ళండి, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం.

పిల్లలు రెండు నెలల వాళ్ళయ్యాక తల్లికి ఆపరేషన్ చేయించండి, పాలిస్తూనే మళ్ళీ కట్టగలదు అది.

ప్రశ్న: మా కోడలికి మూడో నెల. పెరట్లో పిల్లి ఈనింది. తరిమెయ్యాలా?
– వరంగల్ నుంచి

జవాబు: అక్కర్లేదండీ. భయమంతా టాక్సోప్లాస్మా గురించే కదా, అంటే కడుపులో బిడ్డకి హాని చెయ్యగల ఒక సూక్ష్మక్రిమి, అది పిల్లి మలంలో బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి ఇంట్లో ఇంకెవరైనా గ్లవ్స్ వేసుకుని రోజూ ఎత్తేస్తే చాలు. కోడలు మట్టిపని చెయ్యొద్దు, ఆకుకూరలు బాగా కడగాలి. మాంసం లోపల గులాబీ రంగు మిగలకుండా ఉడకాలి, పిల్లికంటే అదే ఎక్కువ అంటిస్తుంది. గైనకాలజిస్ట్‌కి మాత్రం ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి, అవసరమైతే రక్తపరీక్ష రాస్తారు.