షేర్డ్ హోస్టింగ్ చాలనప్పుడు

అమ్మాయీ,

ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్న నీ కథల సైట్ సాయంత్రాలు 508 ఎర్రర్ చూపిస్తోందన్నావు. పెద్ద సర్వర్‌కి డబ్బు కట్టే ముందు సీపానెల్‌లో (హోస్ట్ ఇచ్చే నియంత్రణ పేజీలో) రిసోర్స్ యూసేజ్ తెరిచి వారం రోజుల గ్రాఫ్ చూడు. 508 అంటే సాధారణంగా ఎంట్రీ ప్రాసెస్‌లు నిండిపోయాయని, అంటే ఒకే క్షణంలో నీ ప్లాన్ ఒప్పుకున్న దానికంటే ఎక్కువమంది పీహెచ్‌పీని (పేజీలు తయారుచేసే ప్రోగ్రామ్‌ని) తట్టారని. ఆ తట్టింది పాఠకులేనా? యాక్సెస్ లాగ్‌లో లాగిన్ పేజీ మీద, ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ ఫైల్ (బయటి ప్రోగ్రామ్‌లు సైట్‌తో మాట్లాడే దారి) మీద వందల హిట్లుంటే అవి బాట్‌లు. వాటిని ఆపు, పేజ్ క్యాష్ ప్లగిన్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ ఇచ్చేది) పెట్టు. అప్పటికీ గ్రాఫ్ పరిమితి గీతకు తగులుతూనే ఉంటే వీపీఎస్‌కి (నీకంటూ విడిగా కేటాయించే వర్చువల్ సర్వర్‌కి) మారు.

ప్లాన్లలో మొదట చూడాల్సింది ర్యామ్. నీ సైట్‌కి ఆధారమైన వర్డ్‌ప్రెస్ నడిపే ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్‌కి సుమారు 60 నుంచి 80 ఎంబీ పడుతుంది. 2 జీబీ సర్వర్‌లో ఉబుంటు (ఆపరేటింగ్ సిస్టమ్), ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), మరియాడీబీ (డేటాబేస్) కలిపి 700 ఎంబీ దాకా పోతాయనుకో. మిగిలినదాంట్లో కొంత ఖాళీగా వదిలి, 1,000 ఎంబీని 80తో భాగిస్తే 12. పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య) 12 పెట్టు. పదమూడో రిక్వెస్ట్ కాసేపు క్యూలో నిలబడుతుంది, అంతే. చాలామంది అక్కడ 50 వేసేస్తారు. రద్దీ రాగానే ర్యామ్ నిండిపోతుంది, అప్పుడు లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ని చంపేస్తుంది. ఎక్కువసార్లు బలయ్యేది డేటాబేసే. సైట్ తెరిస్తే డేటాబేస్‌కి కనెక్ట్ కాలేదన్న ఒక్క లైన్ కనిపిస్తుంది, తప్పు హోస్ట్‌దనుకుంటారు. 2 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగం) కూడా పెట్టుకో. 1 జీబీ ప్లాన్ జోలికి మాత్రం పోకు.

వర్చువలైజేషన్ (ఒక యంత్రాన్ని అనేక సర్వర్లుగా పంచే పద్ధతి) కేవీఎం అయ్యుండాలి. ఓపెన్‌వీజెడ్ అనే ఇంకో పద్ధతిలో కెర్నల్ అందరికీ ఉమ్మడి, స్వాప్ కూడా మన చేతిలో ఉండకపోవచ్చు. మొదటి నెల గంటల లెక్కన లేదా నెలవారీగా తీసుకో, మూడేళ్ల తగ్గింపు ధర చూసి ఆశపడొద్దు. ఆ నెలలో సాయంత్రం పూట టాప్ కమాండ్ కొట్టి ఎస్‌టీ అన్న అంకె చూడు. అది అస్తమానూ 5 దాటుతుంటే నీకివ్వాల్సిన సీపీయూని పక్కవాళ్లు వాడేస్తున్నారని అర్థం. వేరే చోటు వెతుక్కో.

నీ పాఠకులు ఎక్కువగా ఇక్కడివాళ్లే గనుక ముంబై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఏదైనా సరే. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరులో, లినోడ్‌కి ముంబైలో డేటా సెంటర్లున్నాయి. అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ ముంబైతో పాటు 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనూ తెరిచింది. అమెరికాలో చదివేవాళ్ల కోసం సైట్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ (ఫైళ్ల కాపీలు పాఠకులకు దగ్గరగా ఉంచే సర్వీస్) పెడితే చాలు. డాలర్ ధర మీద 18 శాతం జీఎస్టీ, బ్యాకప్‌కి చాలాచోట్ల ప్లాన్ ధరలో ఐదో వంతు కలిపి లెక్కవేసుకో.

మెయిల్ సంగతి అందరూ మర్చిపోతారు. ఇప్పటి మెయిల్ బాక్సులు నీ షేర్డ్ ప్లాన్‌లోనే ఉన్నాయి, అది రద్దు చేసిన రోజే పోతాయి. ముందే వాటిని విడి మెయిల్ సర్వీస్‌కి తరలించు. వీపీఎస్‌లో సొంత మెయిల్ సర్వర్ పెట్టకు. చాలా కంపెనీలు బయటికి వెళ్లే పోర్ట్ 25ని మూసే ఉంచుతాయి. సైట్ పంపే పాస్‌వర్డ్ మెయిళ్లకు ఎస్‌ఎంటీపీ రిలే (మన తరఫున మెయిల్ పంపే సర్వీస్) వాడి, నీ హోస్ట్ మూయని పోర్ట్ పెట్టు.

సర్వర్ చేతికి రాగానే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) కీ పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ మూసెయ్యి. ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కి అనుమతి ఇవ్వు. ఈ వరస తప్పితే నీ సర్వర్‌లోకి నువ్వే వెళ్లలేవు, కంపెనీవాళ్ల వెబ్ కన్సోల్ ఒక్కటే దారి. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టు.

నాకు అసలు భయం నీ కథల డేటాబేస్ గురించే. మైఎస్‌క్యూఎల్‌లో (మరియాడీబీకి మూలమైన డేటాబేస్) 2018లో 8.0 వచ్చేదాకా డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) లాటిన్1. పాత సైట్లలో తెలుగు బైట్లు లాటిన్1 టేబుళ్లలోనే కూర్చుని ఉంటాయి. రాసేటప్పుడూ చదివేటప్పుడూ అదే పొరపాటు గనుక పేజీలో అంతా సవ్యంగా కనిపిస్తుంది. మామూలుగా డంప్ (డేటాబేస్ అంతా ఒక ఫైల్‌గా) తీస్తే మాత్రం ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి ఉండే మూడు బైట్లు మూడు వేరు అక్షరాలుగా మారి, కథంతా పిచ్చి గీతలవుతుంది. అందుకని డంప్ ఫైల్‌ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడు. తెలుగు తెలుగులా ఉంటే సరే. లేకపోతే డంప్‌ని లాటిన్1 కనెక్షన్‌తో మళ్లీ తీసి, ఆ ఫైల్‌లో సెట్ నేమ్స్ లైన్‌లోనూ టేబుల్ నిర్వచనాల్లోనూ లాటిన్1 ఉన్నచోట యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని భాషల అక్షరాలూ పట్టే సెట్) అని మార్చి, అప్పుడు కొత్త సర్వర్‌లోకి ఎక్కించు. ఎంబీ4 లేని పాత యూటీఎఫ్8లో తెలుగు పడుతుంది గానీ ఎమోజీలు పట్టవు.

మారే ముందు రోజే డీఎన్ఎస్ టీటీఎల్ (సైట్ చిరునామాను ఇతర సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300 సెకన్లకు తగ్గించు. నీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్‌లో కొత్త ఐపీ రాసుకుని (నీకు మాత్రమే కొత్త సర్వర్ కనిపించేలా) పాత కథలు ఓ పది, వ్యాఖ్యలు, బొమ్మలు తెరిచి చూసుకో. డీఎన్ఎస్ మార్చే గంటలో వ్యాఖ్యలు ఆపెయ్యి, లేకపోతే కొన్ని పాతచోట పడి అక్కడే ఉండిపోతాయి. పాత ప్లాన్ ఇంకో నెల ఉంచు.

ముందుగా పోస్టుల టేబుల్ నిర్మాణం కాపీ చేసి పంపు. క్యారెక్టర్ సెట్ ఏముందో చూసి, డంప్ ఎలా తియ్యాలో రాస్తాను.

మామయ్య